వీధరుగు బడి విదేశయాత్ర

స్కాట్లండ్ దేశంలో సముద్రపు ఒడ్డున సెయింట్ ఆండ్రూస్ అనే చిన్న పట్నం వుంది. గోల్ఫ్ ఆడేవాళ్ళకి అది కాశీ. ఆ ఆట గొడవ మనకక్కర్లేదు గానీ, ఆ వూళ్ళో వున్న ఒక హైస్కూలు పేరు వింటే మాత్రం మనం ఒక్క క్షణం ఆగిపోతాం. దాని పేరు మద్రాస్ కాలేజి! 1830లలో పెట్టిన బడి. ఇప్పటికీ ఆ పేరుతోనే నడుస్తోంది. మద్రాసుకీ ఆ చలిదేశానికీ చుట్టరికం ఎలా కలిసిందంటారా? మధ్యన పెళ్ళిపెద్ద మన వీధరుగు బడి.

వీధరుగు బడి అంటే ఈ కాలం పిల్లలకి చెప్పాల్సిందే. పూర్వం బడికి వేరే ఇల్లంటూ వుండేది కాదు. వూళ్ళో కాస్త పెద్ద అరుగున్న ఇంటివారు చోటిస్తే అయ్యవారు అక్కడే నలుగురు పిల్లల్ని కూచోబెట్టేవారు. పలకలేని పిల్లలకి ఇసకే పలక, వేలే బలపం. దసరా వస్తే అయ్యవారు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్ళేవారు. పిల్లలు పద్యాలు చదివితే అయ్యవారికి మామూళ్ళు, పిల్లలకి పప్పుబెల్లాలు. అంత నిరాడంబరమైన బడి సముద్రం దాటి వెళ్ళిందంటే నమ్మబుద్ధి కాదు. కానీ వెళ్ళింది.

ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ మతాచార్యుడు 1787లో మద్రాసు వచ్చాడు. రెండేళ్ళకి ఎగ్మూరులో ఒక అనాథాశ్రమం పెత్తనం ఆయన చేతికొచ్చింది. ఆ పిల్లల తండ్రులు తెల్ల సిపాయిలు, తల్లుల్లో చాలామంది ఈ దేశపు ఆడవాళ్ళు. ఆశ్రమం పనికి బెల్ జీతం పుచ్చుకోలేదు. వేరే ఉద్యోగాల జీతాలు వస్తూనే వున్నాయి లెండి. అక్కడి ఉపాధ్యాయులు మాత్రం ఆయన్ని ఏడిపించారు. పిల్లలకి నెలల తరబడి అక్షరాలే వచ్చేవి కావు. ఒకరోజు పొద్దున్నే గుర్రం మీద పోతూంటే దారిలో ఒక దేశీయ బడి కనిపించింది. పిల్లలు నేలమీద కూచుని ఇసకలో వేలితో రాస్తున్నారు. ఆయన గుర్రాన్ని వెనక్కి తిప్పి, దొరికింది దొరికిందంటూ ఇంటికొచ్చాడని ఆయన జీవితచరిత్ర రాసినవాళ్ళు చెబుతారు.

మర్నాడే ఆశ్రమంలో ఇసక పరవమన్నాడు. అక్షరాల తరగతి చూసే ఉపాధ్యాయుడు ససేమిరా వీల్లేదన్నాడు. బెల్ ఆయనతో వాదన పెట్టుకోకుండా జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ కుర్రవాణ్ణి పిలిచి, చిన్నపిల్లలకి నువ్వు చెప్పమన్నాడు. ఆ కుర్రవాడు చెప్పాడు. పిల్లలకి వచ్చింది! ఇంకేం, తరగతికి ఇద్దరు ముగ్గురు చొప్పున పెద్దపిల్లల్ని పెట్టి బడంతా అదే పద్ధతిలో నడిపించేశాడు. 1796లో స్వదేశం వెళ్ళిపోయి, మరుసటేడు లండన్‌లో ఈ ప్రయోగం గురించి చిన్న పుస్తకం అచ్చువేశాడు. ఆ కాలంలోనే జోసెఫ్ లాంకాస్టర్ అనే ఆయన కూడా లండన్‌లో ఇలాంటి బడే నడిపాడు. ఈ పద్ధతి నాదంటే నాదని ఇద్దరి అనుచరులూ ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు. సొంతదారులమైన మనం ఆ తగాదాలో లేనే లేం.

ఇంగ్లండు వెళ్ళాక మన అరుగు బడి రూపం ఎలా మారిందనుకున్నారు! అక్కడ ఫ్యాక్టరీలు లేస్తున్న కాలం. పేదపిల్లలు వేలకి వేలు. ఖర్చు లేకుండా వాళ్ళకి నాలుగు అక్షరాలు నేర్పాలి. ఒక పెద్ద హాలు, వందలకొద్దీ పిల్లలు, ఎత్తయిన బల్ల మీద ఒకే ఒక్క మాస్టారు. మధ్యలో కుర్ర మానిటర్లు. గంట కొడితే లేవాలి, గంట కొడితే కూచోవాలి, గంట కొడితే పలక చూపించాలి. ఒక మాస్టారు వెయ్యిమందికి చెప్పొచ్చని లాంకాస్టర్ గొప్పగా చెప్పుకున్నాడు. పేదవాళ్ళ పిల్లలకి అవసరానికి మించిన చదువు మంచిది కాదని బెల్ గారే రాశాడు. పిల్లకి పిల్ల చెప్పడమనే చక్కని సంగతి వాళ్ళ చేతిలో మిల్లు యంత్రమైపోయింది. 1846 నుంచి వాళ్ళే దాన్ని మెల్లగా పక్కన పెట్టి, శిక్షణ పొందే వయసొచ్చిన పిల్లల్ని జీతమిచ్చి పెట్టుకున్నారు.

పుట్టింట్లో ఆ బడి ఎలా వుండేదో చూద్దాం. బెల్ చూసింది బహుశా అరవ బడి. తెలుగుదేశపు బడి ఎలా వుండేదో చెప్పడానికి మనకో మంచి సాక్షి వున్నాడు. రాయలసీమవాళ్ళు మన్రోలప్ప అని పిల్లలకి పేరు పెట్టుకునేంతగా అభిమానించిన థామస్ మన్రో మద్రాసు గవర్నరుగా వుండగా, 1822లో కలెక్టర్లందరికీ ఒక ఉత్తరువు వేశాడు. మీ జిల్లాలో బళ్ళెన్ని, పిల్లలెందరు, ఏ కులంవారు, ఏం చదువుతున్నారు, లెక్క పంపండి అని. అప్పుడు బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్. 1816లో ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం అచ్చువేయించిన పండితుడు. నేటి అనంతపురం ప్రాంతమంతా అప్పట్లో బళ్ళారి కిందే వుండేది. మిగతా కలెక్టర్లలో చాలామంది పట్టికలు నింపి చేతులు దులుపుకుంటే, కాంప్‌బెల్ మాత్రం 1823 ఆగస్టులో బళ్ళో కూచుని చూసినవాడిలా రాసి పంపాడు. ధరంపాల్ గారు ఈ నివేదికలన్నీ దుమ్ములోంచి తీసి 1983లో పుస్తకంగా వేశారు. నేను ఎం.ఏ. చదివే రోజుల్లో లైబ్రరీలో కాలక్షేపానికి తెరిచాను. కథల పుస్తకం కంటే వేగంగా చదివాను.

పొద్దున్న ఆరింటికే బడి. అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడి చేతిలో సున్న. అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదన్నమాట. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు. ఆ తర్వాత వచ్చినవాళ్ళ సంగతి లెక్క వచ్చినవాళ్ళు వేసుకోండి. తొమ్మిది ప్రాంతాల చద్దన్నాలకి వదిలి మళ్ళీ కూచోబెట్టేవారు. మధ్యాహ్నం భోజనానికి మరోసారి వదిలి, చీకటిపడేదాకా చదివించేవారు. పిల్లలు నాలుగు జట్లు. చిన్న జట్లకి పెద్దపిల్లలు చెబుతారు, పై జట్టుని అయ్యవారు చూసుకుంటూ మిగతా వాటి మీద కన్నేసి వుంచుతారు. మొదట ఇసకలో అక్షరాలు. తరువాత బొగ్గుపొడి పట్టించిన పలక మీదా, గంజి పెట్టి మడతలు వేసిన కడితం మీదా బలపంతో. ఆ పైన తాటాకు మీద గంటంతో. దండనల జాబితా కూడా వుంది. రెండు చేతులూ కట్టి దూలానికి వేలాడదీయడం, అంటే మన కోదండం. లేచి కూచోవడం, అంటే గుంజీలు. గుంజీలు బాధాకరమే గానీ ఆరోగ్యానికి మంచివేమోనని దొరగారి అభిప్రాయం. తియ్యనివాళ్ళు అలాంటి అభిప్రాయాలు ఎన్నయినా చెబుతారు!

ముందు నేర్చినవాడు వెనక వచ్చినవాడికి చెప్పడం, చెబుతూ తన చదువు గట్టిపరుచుకోవడం కాంప్‌బెల్‌కి బాగా నచ్చింది. ఇంగ్లండువాళ్ళు దీన్ని అనుకరించడం సబబేనని రాశాడు. బడి మనదేనని ఒక కలెక్టరే సర్కారు కాగితం మీద ఒప్పుకున్నాడన్నమాట.

అలాగని అరుగు బడిని ఆకాశానికెత్తేయడానికి నాకు మనసొప్పదు. కాంప్‌బెల్ తప్పులు కూడా పట్టుకున్నాడు. పిల్లలు చదివే పుస్తకాలన్నీ పద్యాలు. ఆ భాష వేరు, ఇంట్లో మాట్లాడే భాష వేరు. పద్యం గడగడా వొప్పజెబుతారు, అర్థం పిల్లవాడికీ తెలియదు, చాలాచోట్ల అయ్యవారికీ తెలియదు. ఇక అంకెలు చూడండి. ఆ జిల్లాలో బళ్ళు 533. అందులో కన్నడం 235, తెలుగు 226. మిగతావి మరాఠీ, పారశీకం, సంస్కృతం, నాలుగు అరవం, ఒక్కటంటే ఒక్క ఇంగ్లీషు బడి. జిల్లా జనం తొమ్మిది లక్షల పైచిలుకు, బడిలో వున్న పిల్లలు 6,641 మంది. వాళ్ళలో ఆడపిల్లలు అరవై.

అరవై మంది! ఈ అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మద్రాసు రాష్ట్రం మొత్తానికి మన్రో 1826లో వేసిన లెక్క ప్రకారం బళ్ళు 12,498, చదివే పిల్లలు 1,88,650. అందులో ఆడపిల్లలు 4,540. వాళ్ళలోనూ అనేకచోట్ల గుళ్ళలో నాట్యం చేసే కుటుంబాలవారే ఎక్కువ. సంసారుల ఇళ్ళలో ఆడపిల్ల అరుగు లోపలివైపునే వుండిపోయింది. తలుపు వారగా నిలబడి అన్న చదివే ఎక్కాలు వినే వుంటుంది. విన్నంత మాత్రాన ఆమె ఏ లెక్కలోకీ రాలేదు. మాలమాదిగల పిల్లలకి ఆ అరుగు మెట్టు ఎక్కే యోగమే లేకపోయింది. వెయ్యిమందికొక బడి వుండేదని మురిసిపోయే ముందు, ఆ బడి ఎవరిదో కూడా చెప్పుకోవాలి కదా.

ఆ కొద్దిపాటి బళ్ళూ నిలబడలేదు. పల్లెలు చితికిపోయాయని కాంప్‌బెల్ దాపరికం లేకుండా రాశాడు. సీమ బట్ట వచ్చి నేతగాళ్ళ నోరు కొట్టింది. పిల్లవాడికి జీతం కట్టలేక తల్లిదండ్రులు మానిపించేశారు. అయ్యవార్లకి నెలకి ఆరేడు రూపాయలకి మించి రాదు, అంత తక్కువకి చదువుకున్నవాడు ఎందుకొస్తాడని మన్రో అడిగాడు. కలెక్టరేటుకి రెండు, తాసిల్దారీకి ఒకటి చొప్పున సర్కారు బళ్ళు పెట్టి, పెద్దబడి పంతులుకి 15 రూపాయలు, చిన్నబడి పంతులుకి 9 రూపాయలు ఇద్దామన్నాడు. అంతా కలిపి ఏడాదికి 48,000 రూపాయల ఖర్చు. 1827లో పత్తికొండలో కలరా తగిలి ఆయన పోయాడు. పెట్టిన కొద్ది తాసిల్దారీ బళ్ళూ 1836లో ఎత్తేశారు.

తరువాత సర్కారు రకరకాల మందులు వేసింది. 1850లలో నరసాపురం వైపు రైతులు శిస్తు మీద కొంత అదనంగా కట్టి బళ్ళు తెరిపించుకున్నారు. ఆ రైతుల్ని తలుచుకుంటే నాకు ముచ్చటేస్తుంది. 1860లలో మాత్రం ఇంకో విచిత్రం వచ్చింది. ఇనస్పెక్టరు వచ్చి పిల్లల్ని పరీక్షిస్తాడు, ఎంతమంది పాసైతే పంతులుకి అంత గ్రాంటు. ఇక చెప్పేదేముంది! ఇనస్పెక్టరు అడిగే పేజీలు పిల్లలచేత వల్లె వేయించడమే చదువైపోయింది. మందకొడి పిల్లవాడు పంతులుగారి పాలిట నష్టజాతకుడు. అరుగు మీద వెనకబడినవాడికి తోటివాడు చెప్పే పద్ధతి పోయింది. అర్థం తెలియకుండా వల్లించడం మాత్రం భద్రంగా మిగిలింది. మంచిది పోగొట్టుకుని చెడ్డది దాచుకోవడం ఒక్క మన ఇళ్ళలోనే కాదు, సర్కారు కచేరీల్లో కూడా జరుగుతుంది. ఆడపిల్లలకి 1874లో వీరేశలింగం పంతులుగారు ధవళేశ్వరంలో బడి పెట్టేదాకా మన గోదావరి ఒడ్డున చెప్పుకోదగ్గ సందడి లేదు.

స్వరాజ్యం వచ్చాక వూరూరా బడి వచ్చింది. నేను చదువుకున్న వూరి బళ్ళో రెండు గదులు, ఐదు తరగతులు, ఇద్దరు మాస్టార్లు. ఒక మాస్టారు సెలవు పెడితే రెండో ఆయన వరండాలో నిలబడి రెండు గదులూ కాపు కాసేవారు. మూడో తరగతి లెక్క చెబుతూంటే ఒకటో తరగతి కొట్టుకునేది. అప్పుడాయన మమ్మల్ని నలుగురైదుగురు ఆడపిల్లల్ని పిలిచి, చిన్నవాళ్ళచేత గుణింతాలు దిద్దించమనేవారు. నేను ముందు బెత్తం పుచ్చుకునేదాన్ని, తరువాతే బలపం. అయినా నాకు వొత్తులు స్థిరపడింది ఒకటో తరగతి పిల్లలకి దిద్దించినప్పుడే. ఏరు నిన్న దాటినవాడికి లోతు ఎక్కడుందో గుర్తుంటుంది. ఎప్పుడో దాటేసిన మాస్టారుకి, అసలు ఏరు అంత లోతు వుంటుందా అని ఆశ్చర్యం.

1987లో కేంద్రప్రభుత్వం ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అని ఒక పథకం పెట్టింది. ప్రతి బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, ఒక నల్లబల్ల వుండాలని. స్వరాజ్యం వచ్చిన నలభై ఏళ్ళకి అది అడగాల్సి వచ్చిందంటే పల్లెబడి సంగతి ఊహించుకోండి. 2009లో చదువు హక్కు చట్టం వచ్చింది. ముప్పై మంది పిల్లలకి ఒక టీచరు వుండాలంది. పిల్లలు బడికి వచ్చారు. ఆడపిల్లలూ వచ్చారు, అది చిన్న సంగతి కాదు. బడికి రావడం వేరు, చదువు రావడం వేరు అని మాత్రం ఇప్పుడు తెలిసింది. 2018లో దేశంలోని పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి చదివించి చూస్తే, ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు సుమారు సగం మందే. మిగతా సగం ఐదేళ్ళపాటు రోజూ బడికెళ్ళి కూచున్నారు. పాఠం వాళ్ళ పక్కనుంచి ముందుకు నడిచి వెళ్ళిపోయింది.

ఈ కూచున్న పిల్లల కోసం ఒక జంట చేసిన పని చెప్పాలనే ఇంత దూరం వచ్చాను. అప్పటి చిత్తూరు జిల్లాలో మదనపల్లె దగ్గర, జిడ్డు కృష్ణమూర్తిగారి ఆలోచనలతో వెలసిన రిషివ్యాలీ బడి వుంది కదా. చుట్టూ వానలు తక్కువ, రాళ్ళు ఎక్కువ. 1980ల చివరలో వై.ఎ. పద్మనాభరావు, ఎ. రమ అనే దంపతులు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బళ్ళు తెరిచారు. ఒక్కొక్క బడికి ఒక్కరే టీచరు, అదీ ఎక్కువగా ఆ చుట్టుపక్కల వూళ్ళవాళ్ళే. ఒకే గదిలో అన్ని తరగతులు. అందరూ లోపం అనుకునే దాన్నే వీళ్ళు ఏర్పాటుగా మార్చుకున్నారు.

పుస్తకం తీసేసి పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. ప్రతి కార్డుకీ ఒక బొమ్మగుర్తు. గోడమీద నిచ్చెనలా ఒక పటం. మన వైకుంఠపాళి లాంటిది, పాములు మాత్రం లేవు. పిల్ల తానెక్కడుందో తానే చూసుకుని, తరువాతి కార్డు తానే తెచ్చుకుంటుంది. కొత్త సంగతి నేర్చుకునేవాళ్ళు టీచరు దగ్గర చాప మీద కూచుంటారు. కొంచెం వచ్చినవాళ్ళు ఇంకో చాప. తోటిపిల్లల సాయంతో చేసుకునేవాళ్ళది మరో చాప. ఎవరి సాయమూ అక్కర్లేనివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే. పిల్లకి పిల్ల చెప్పడం ఇక్కడ టీచరు పని తప్పించుకోవడానికి కాదు. టీచరు అసలు పనికి, అంటే తడబడుతున్న పిల్ల పక్కన కూచోవడానికి, తీరిక దొరకడానికి. లండన్ హాల్లో ఎత్తుబల్ల మీద కూచున్న మాస్టారికీ, ఇక్కడ చాప మీద కూచున్న టీచరుకీ వున్న తేడా అంతా అదే.

నాకు అన్నిటికంటే నచ్చినది వేరే వుంది. పల్లెలో ఆడపిల్ల బడి ఎందుకు మానేస్తుంది? మొదట పది రోజులు మానుతుంది. వేరుశనక్కాయలు వొలిచే రోజులొస్తాయి, అమ్మకి పురుడొస్తుంది, చంటి తమ్ముణ్ణి ఎత్తుకోవాలి. పది రోజుల తర్వాత వెళితే పాఠం దాటిపోయి వుంటుంది. టీచరు అడిగితే తెల్లమొహం. ఆ సిగ్గుతో పదకొండో రోజు నుంచి పూర్తిగా మానేస్తుంది. నిచ్చెన పద్ధతిలో పాఠం దాటిపోదు. ఏ కార్డు దగ్గర వదిలి వెళ్ళిందో ఆ కార్డు అక్కడే వుంటుంది. తిరిగొచ్చి అదే అందుకుంటుంది. ఇదేం పెద్ద విశేషం అనిపించవచ్చు మగవారికి. చదువు మధ్యలో పెళ్ళయి, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ప్రైవేటుగా పరీక్షకి కట్టిన అక్కయ్యల్ని అడగండి, విశేషమో కాదో చెబుతారు.

ఈ పద్ధతి 1995లో కర్ణాటకలో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె బళ్ళకి వెళ్ళింది. అక్కడ దానికి నలికలి అని పేరు. ఆడుతూ నేర్చుకోవడమని అర్థం. 2003లో చెన్నై కార్పొరేషన్ బళ్ళకి వెళ్ళి, అక్కణ్ణించి కొన్నేళ్ళలో తమిళనాడు అంతా పాకింది. చెన్నై అంటే బెల్ గుర్రమెక్కి తిరిగిన మద్రాసే. మన సరుకు రెండు వందల ఏళ్ళు ప్రపంచమంతా తిరిగి, ఎగ్మూరు వీధుల్లోకే మళ్ళీ వచ్చిందని నవ్వుకున్నాను.

వెళ్ళిన ప్రతిచోటా బాగా నడిచిందని మాత్రం అనుకోకండి. కార్డులు అచ్చువేయడం ఏ సర్కారుకైనా తేలిక. రిషివ్యాలీవాళ్ళు టీచర్ల పక్కన నెలల తరబడి కూచుని, ఏ కార్డు పిల్లలకి ఎక్కడం లేదో అడిగి మార్చుకున్నారు. ఆ ఓపికని ఉత్తరువు వేసి పంపడం కుదరదు. కార్డులు నలిగిపోతాయని బీరువాలో పెట్టి తాళం వేసిన బళ్ళున్నాయని టీచర్లే నవ్వుతూ చెబుతారు. ఇనస్పెక్టరు వచ్చిన రోజున తాళం తీస్తారు. 1860ల గ్రాంటు రోజుల నాటి పంతుళ్ళు పైలోకం నుంచి చూస్తే, బాబూ మాకిది బాగా తెలుసు అని తలాడిస్తారు.

రిషివ్యాలీ పల్లెబళ్ళలో మెట్రిక్ మేళా అని ఒకటి చేస్తారు. లెక్కల సంత అనుకోండి. ఆ రోజు బడిముందు దుకాణాలన్నీ పిల్లలవే. ఒకడు తక్కెడ పెట్టుకుని కూచుంటాడు. ఒకత్తె గోడకి గీతలు గీసి వచ్చినవాళ్ళ ఎత్తు కొలుస్తుంది. ఇంకొకడు బరువు చూసి చీటీ రాసిస్తాడు. కూరగాయలు అమ్మేవాళ్ళు, చిల్లర లెక్కపెట్టేవాళ్ళు వేరే. కొనడానికి వచ్చేది వూళ్ళోవాళ్ళు, ముఖ్యంగా అమ్మలూ అమ్మమ్మలూ. సంతలో కిలో అంటే కిలో అని నమ్మి డబ్బిచ్చి వచ్చేయడమే తప్ప, తూకం ముల్లు ఎక్కడ ఆగాలో చాలామందికి ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు. అక్కడ తక్కెడ వెనక కూచున్న మనవరాలు, ఇటు చూడవ్వా, ముల్లు ఈ గీత మీదికి రావాలి, రాకపోతే డబ్బులియ్యకు అని చెబుతుంది. అవ్వ వొంగి చూస్తుంది.